మూడు ఊళ్ల మాత్రలు

"పడింది మా ఇంట్లో కాబట్టి తప్పు నాది. అంతేగా నువ్వనేది?" అంది శాంతి, చెంచాల సొరుగును తుంటితో నెట్టి మూస్తూ.

"నేనట్టా అన్లేదు వదినా. పెండిల్ హిల్‌లో నాలుగు నెలలున్నా అమ్మ ఒక్కసారన్నా పడలా అన్నాను. ఉన్నమాటేగా," అంది ఆడపడుచు సువార్త, సిడ్నీ నుంచి.

ఫోనును ఆవకాయ సీసాకి ఆనించి నిలబెట్టారు. ఆ కోణంలో సువార్త కళ్లు పైకెత్తి ప్రార్థన చేస్తున్నట్టుంది గానీ, గంటసేపటి నుంచి ఆమె నోట వచ్చినవేవీ ప్రార్థనకి పనికొచ్చే మాటలు కావు.

శుక్రవారం పొద్దున నగర శివారు పాయింట్ కుక్‌లోని ఆ ఇంట్లో, స్నానాలగదికీ నడవాకీ మధ్య, డెబ్భై ఎనిమిదేళ్ల అమృతం కళ్లు తిరిగి పడిపోయింది. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచుకుని ఈ ఆదివారం ఉదయమే పంపించారు. ఎముకలేవీ విరగలేదు. విరగవలసినవన్నీ ఆమె ఇల్లు చేరాక విరుగుతున్నాయి.

డైనింగ్ టేబుల్‌కి ఒక పక్క పెద్దకొడుకు ఆనందబాబు కూర్చున్నాడు. ట్రుగనీనాలో గిడ్డంగి సూపర్‌వైజరు. రెండో పక్క చిన్నకొడుకు శామ్. మర్రాబిన్ అనే చిన్న ఊళ్లో ఆసుపత్రి నర్సు. నాలుగున్నర గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. తల్లి పడిందని కాదు, ఇవాళ్టితో అన్న వంతు అయిపోయి తన వంతు మొదలవుతుందని. పడటం మధ్యలో వచ్చి చేరింది.

ఏడేళ్లుగా అమృతం ముగ్గురు బిడ్డల దగ్గరా నాలుగేసి నెలలు ఉంటోంది. పాస్టరుగారి ఎదుట ప్రార్థన చేసి మరీ పెట్టుకున్న ఏర్పాటు అది. క్రిస్మస్ ఎవరి వంతులో పడుతుందన్న దాని మీద తప్ప ఇంతవరకూ పేచీ రాలేదు.

టేబుల్ మధ్యలో మూడు గుడ్డసంచులున్నాయి. ఆనందబాబు కూతురు ఫేబీ వాటిని ఒక్కొక్కటే బోర్లించింది. ఫేబీ యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్ మూడో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో ఎవరికి తుమ్మొచ్చినా ఆ పిల్ల వైపు చూడటం అందరికీ అలవాటైంది. ఇవాళ మాత్రం ఎవరూ చూడటం లేదు.

"మూడూ ఒకటే మందు డాడీ," అంది ఫేబీ. "ఊదా డబ్బా మన డాక్టర్ రాసింది. తెల్లది సువార్తత్త వాళ్ల డాక్టర్. ఆకుపచ్చది బాబాయ్ వాళ్లది. కంపెనీ పేర్లే వేరు. కింద చిన్నక్షరాలు చూడండి, సేమ్ బీపీ టాబ్లెట్. హాస్పిటల్లో ఫార్మసిస్ట్ చెప్పింది, రెండు పారేసి ఒక్కటే ఉంచమని."

"ఆ డాక్టర్లకి బుద్ధుండద్దా?" అన్నాడు ఆనందబాబు.

"వాళ్లకెట్టా తెలుస్తుంది? వేరే మందులేమన్నా వాడుతున్నారా అని అడిగితే, ఏం లేవని చెప్పింది మనమే."

నిజమే. అందులో ఎవరి మర్యాద వాళ్లది. ఇంకో ఇంటి డాక్టరు రాసిన మందును మనింట్లో కొనసాగించడమంటే మన డాక్టరు చేతగానివాడని ఒప్పుకున్నట్టే. పంపించేటప్పుడు మాత్రం ఏ ఇంటికి ఆ ఇల్లు నాలుగు నెలలకి సరిపడా మందు సంచిలో కట్టి మరీ పంపేది. తల్లిని ఉత్తచేతులతో పంపారన్న మాట ఎవరూ పడదలచుకోలేదు.

"మూడూ కలిపి మింగిందేమోనని ఆసుపత్రిలో అడిగారుగా," అన్నాడు శామ్. "మా కోడలిచ్చేది ఒక్కటేనని అమ్మ ఒట్టేసినంత పని చేసింది. వదినా, నిన్నేదో అంటున్నానని కాదు గానీ, రోజూ ముప్పైమంది ముసలోళ్లకి మందులిచ్చే ఉద్యోగం నీది. ఇంట్లో ఒక్క మనిషికి..."

"ముప్పై ఇద్దరికి," అంది శాంతి. "వాళ్లలో ఒక్కళ్లూ పడలా. ఎందుకో తెలుసా? వాళ్లకి బిడ్డలొచ్చి నాలుగు నెలలకోసారి డాక్టర్ని మార్చరు."



"ఇంకెందుకీ గొడవంతా," అన్నాడు శామ్ చివరికి. "పోయిన నెల ప్రార్థన కూటంలో అనుకున్నదే చేద్దాం. వంతులు ఆపేద్దాం. అమ్మ ఇకనుంచి మా దగ్గరే ఉంటది. ఫేబీ గ్రాఫ్ అప్పుడే చెప్పిందిగా."

గ్రాఫ్ మాటెత్తగానే ఫోన్లో సువార్త ముఖం సీసా మీదనుంచి జారింది.

నగరాల్లో ఉండే ముసలివాళ్లకీ పల్లెపట్టుల్లో ఉండేవాళ్లకీ ఆరోగ్యంలో తేడాల మీద ప్రాజెక్టు చెయ్యమన్నారు యూనిలో. ఫేబీ చదివిన పాఠాలన్నీ ఊరు చిన్నదయ్యేకొద్దీ ముసలితనం కష్టమవుతుందనే చెప్పాయి. ఫేబీ మాత్రం ఒకే మనిషిని మూడు ఊళ్లలో కొలిచింది. మామ్మ వెంట బీపీ మిషన్ పంపి ఏడాదిపాటు రోజూ అంకె తెప్పించుకుంది. పాయింట్ కుక్‌లో సగటు నూటఅరవై రెండు. పెండిల్ హిల్‌లో నూటనలభై ఎనిమిది. మర్రాబిన్‌లో నూటపద్దెనిమిది. పాఠాలు తలకిందులయ్యాయి. లెక్చరర్ మురిసిపోయి అత్యధిక మార్కులిచ్చింది. వచ్చే గురువారం గ్రామీణ వైద్యుల సభలో నువ్వే వచ్చి చూపించాలంది.

ఇంట్లో మాత్రం దాన్ని అందరూ ప్రోగ్రెస్ రిపోర్టులా చదువుకున్నారు. శామ్ ఫస్టు. సువార్త పాసు. పాయింట్ కుక్ తప్పింది.

"తీసుకుపో," అన్నాడు ఆనందబాబు తమ్ముడితో, గొంతు పెంచకుండానే. "ఇవాళే తీసుకుపో. నా కూతురే నా ఇంటికి సున్నా వేసింది. ఇంక నేను మాట్లాడేదేముంది?"

"డాడీ, నేను ఇంటికి మార్కులెయ్యలేదు."

"నువ్వూరుకో. నీ చదువుకి ఫీజు కట్టాలని డబుల్ షిఫ్టులు చేసి, ఆ అలసటతో అమ్మతో రెండు మాటలు మాట్లాడలేకపోయినోణ్ణి నేను. ఆ చదువుతోనే మా అమ్మ నా దగ్గర బాగుండదని రాశావు. సంతోషం."

 ఫేబీ ఏం చెయ్యాలో తెలియక బోర్లించిన సామాను మళ్లీ సంచుల్లో సర్దడం మొదలుపెట్టింది. అమృతం దేన్నీ పారేయదు. మాత్రలైపోయిన ఖాళీ షీట్లు కూడా రబ్బరు బ్యాండు వేసి దాచుకుంటుంది. పాయింట్ కుక్ సంచిలో ఖాళీలన్నీ ఊదావే. పెండిల్ హిల్ సంచిలో అన్నీ తెల్లవే. మర్రాబిన్ సంచిలోంచి తీసిన కట్ట విప్పేసరికి ఊదావి, తెల్లవి, ఆకుపచ్చవి మూడు రకాలూ రాలాయి.

లెక్కపెట్టింది. ఊదావి పన్నెండు. తెల్లవి పన్నెండు. ఆకుపచ్చవి పన్నెండు.

ఆ షీట్లను గుప్పిట్లో పట్టుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా మామ్మ గదిలోకి వెళ్లింది.

* * *

అమృతం మంచమ్మీద తెల్లచీరతో, ప్రయాణానికి సిద్ధంగా కూర్చునుంది. మోచేతి దగ్గర వంకాయ రంగు మచ్చ. బాపట్ల దగ్గర మిషన్ స్కూల్లో ముప్పై మూడేళ్లు పంతులమ్మగా చేసిన మనిషి. గదిలోకి ఎవరొచ్చినా ఆలస్యంగా వచ్చినట్టే చూస్తుంది.

ఫేబీ షీట్లు దుప్పటి మీద పడేసింది.

"బాబాయ్ ఇంట్లో మూడూ మింగావు. రోజూ మూడూ. వై మామ్మా? యూ కుడ్ హావ్ డైడ్."

"తెలుగులో తిట్టు. ఇంగ్లీషులో తిడితే నాకు తగల్దు."

"చచ్చిపోయేదానివి."

"ఇప్పుడు తగిలింది," అంది అమృతం. షీట్లన్నీ ఏరి రంగుల వారీగా పేర్చుకుంది. "తలుపెయ్యి."

ఫేబీ తలుపేసింది. కూర్చోలేదు.

"మొదటి ఏడు నిజంగానే మర్చిపోయి రెండేసుకున్నానే. మీ బాబాయి బీపీ చూసి, అమ్మా మా ఊరి గాలి నీకు పడిందే అన్నాడు. మొహం ఎట్టా వెలిగిపోయిందో. తర్వాత నువ్వు మిషన్ పంపించావు, రోజూ అంకె చెప్పమన్నావు. గీత కిందికి దిగుతుంటే నీకూ సంతోషమే గదా. ఇంకా దించుదాం అనుకున్నా."

"అయితే నా ప్రాజెక్ట్ మొత్తం నువ్వే..."

"నేను పాఠం చెప్పినప్పుడు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే తెలివైన పిల్లల్ని ముందు బల్లలో కూచోబెట్టేవాళ్లం. అదేం దొంగతనం కాదు."

"దొంగతనమే మామ్మా. అది చూసే నిన్ను అక్కడికి పర్మనెంట్‌గా పంపుతున్నారు."

"అందుకేగా మింగింది," అంది అమృతం.

ఫేబీ మంచం చివర కూర్చుంది. కోపం మాత్రం కూర్చోలేదు.

"మరి శుక్రవారం? ఇది మన ఇల్లు కదా. ఇక్కడ అమ్మ ఇచ్చేది ఒక్కటే."

"మీ బాబాయి ఆదివారం వస్తాడు. వచ్చీ రాగానే చేతికి పట్టీ చుడతాడు. నూటఅరవై చూపిస్తే, ఈ స్థితిలో అంతదూరం ప్రయాణం వద్దంటాడేమోనని నాలుగురోజుల ముందునించే మూడూ మొదలెట్టా. తప్పు లెక్క. ఒప్పుకుంటా."

"అక్కడేముంది మామ్మా, ప్రాణం మీదికి తెచ్చుకునేంత?"

అమృతం కిటికీ వైపు చూసింది. బయట వీధిలో వరసగా కొత్త ఇళ్లు, వాటి ముందు మూసిన గ్యారేజీలు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కూడా మనిషి జాడ లేదు.

"ఈ వీధిలో నడిచే మనిషిని చూశావా నువ్వు? మీరంతా పొద్దున ఆరింటికి గ్యారేజీలోంచే కారెక్కుతారు, చీకటి పడ్డాక గ్యారేజీలోకే వస్తారు. పన్నెండు గంటలు నేను ఆ మైక్రోవేవ్ గడియారం చూస్తా కూచుంటా. అక్కడ వీధి చివర పోస్టాఫీసు. నా కాళ్లతో నేను పోతా. మంగళవారం చర్చివాళ్ల పాత బట్టల కొట్లో డోరతీ, నేనూ కలిసి గుండీలు ఏరతాం. ఆమెకి తెలుగు రాదు, నాకు ఆమె ఇంగ్లీషు రాదు. మూడేళ్లయింది, ఒక్కరోజు పోట్లాడుకోలా. బజార్లో అందరూ నన్ను మిసెస్ అమృతం అంటారు. ఇక్కడ నా పేరు ఎవరికి తెలుసు?"

"అది చెప్పొచ్చు కదా. డాడీతో చెప్పొచ్చు కదా."

"నీ దగ్గర నాకు బాగోలేదురా అని మొహమ్మీద చెప్పనా, కన్నకొడుకుతో? నీ కాయితం చెబితే అది సైన్సు. నేను చెబితే నిష్ఠూరం."

ఫేబీ లేచింది. "నేను చెప్పేస్తున్నాను మామ్మా. అక్కడికెళ్లి మళ్లీ మూడూ మింగితే..."

"మింగను. వాక్యం మీద ప్రమాణం చేసి చెబుతున్నా."

"మింగకపోతే నూటఅరవై వస్తుంది. వస్తే వెనక్కి పంపుతారు. అది నీకూ తెలుసు. అందుకని మింగుతావు."

అమృతం షీట్లు తీసి దిండు కింద దాచబోయింది. అది చూసే ఫేబీ తలుపు తీసింది.

* * *

హాల్లో సువార్త ఏడుస్తోంది. నిలబెట్టేవాళ్లు లేక ఫోను టేబుల్ మీద వెల్లకిలా పడుంది. ఏడుపు సీలింగుకి వినిపిస్తోంది.

"ఆ గ్రాఫ్ తప్పు," అంది ఫేబీ.

"మర్యాద కోసం చెప్పక్కర్లా," అన్నాడు ఆనందబాబు.

"మర్యాద కాదు. అంకెలు అబద్ధం. బాబాయ్ ఇంట్లో తగ్గింది గాలికి కాదు, మూడు మాత్రలకి. మామ్మ అక్కడ రోజూ మూడూ వేసుకుంది. శుక్రవారం ఇక్కడ కూడా మూడూ వేసుకునే పడింది."

శామ్ కుర్చీలో ముందుకి వంగాడు. "మా ఇంట్లో నేను చూస్తూనే ఉన్నాగా."

"నువ్వు మిషన్ని చూశావు బాబాయ్."

"నువ్వు తెలిసే రాశావా ఇదంతా?" అని ఆనందబాబు కూతురి మీదికి లేచాడు. "మార్కుల కోసం ముసలమ్మ చేత..."

"దాన్నేమీ అనబాక," అంది అమృతం.

నడవలో, ఆసుపత్రివాళ్లిచ్చిన నాలుగుకాళ్ల స్టాండు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. శాంతి కుర్చీ జరిపింది. అమృతం కూర్చోలేదు.

"మింగింది నేను. దానికేం తెలవదు. ఏడేళ్లనించి నన్ను మూడిళ్లు తిప్పుతున్నారు. పెట్టింది తిన్నా, వేసింది కట్టుకున్నా. ఏ ఊళ్లో బాగుంటావే అమ్మా అని మీలో ఒక్కడన్నా నన్నడిగాడా? చేతికి పట్టీ చుట్టి బీపీని అడిగారు. అది మీకు నచ్చిన జవాబు చెప్పాలని నేను మాత్రలు మింగా."

"అమ్మా, ఒక్కమాట చెబితే..." అన్నాడు ఆనందబాబు.

"చెబుతున్నాగా ఇప్పుడు. మర్రాబిన్‌లో ఉంటా. మాత్ర ఒక్కటే వేసుకుంటా. బీపీ ఎంతుంటే అంత. నూటఅరవైతో నా పేరు పిలిచే ఊళ్లో ఉంటా గానీ, నూటపద్దెనిమిదితో గోడలు చూస్తా కూచోను. శామూ, కారు తియ్యి."

శామ్ లేవలేదు. టేబుల్ మీద ఆకుపచ్చ డబ్బాను వేలితో అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"శామూ."

"కుదర్దమ్మా," అన్నాడు, తలెత్తకుండా. "ఆ బీపీ మామూలుగా ఉందనుకునే నిన్ను పర్మనెంట్‌గా రమ్మన్నాను. నూటఅరవైతో అయితే కుదర్దు. మా ఊళ్లో ఉన్న ఒక్క డాక్టరూ వచ్చే నెలాఖరున వెళ్లిపోతున్నాడు. రెండేళ్లనించి ఇంకో డాక్టరు కోసం ప్రకటనలిస్తున్నారు, ఒక్కళ్లూ రాలా. తర్వాత ఏదన్నా అయితే తొంభై కిలోమీటర్లు పోవాలి. పోయిన చలికాలం ఒకాయన్ని హెలికాప్టర్ కోసం పట్టుకుని కూచున్నా. మూడు గంటలు. నా చేతుల్లోనే..."

చేతిలో డబ్బాను పక్కకి నెట్టేశాడు.

"నీకెప్పుడు తెలుసు ఈ సంగతి?" అంది శాంతి.

"మూడు వారాలైంది వదినా."

"మూడు వారాలు." శాంతి టేబుల్ దగ్గరికొచ్చి మరిది ఎదురుగా నిలబడింది. "తెలిసి కూడా గంటసేపటినించి ఇక్కడ కూచుని నాకు మందులివ్వడం నేర్పుతున్నావు. మీ ఊరి గాలి గురించి చెబుతున్నావు. ఫస్టు మార్కు వచ్చింది గదా, వదులుకోబుద్ధి కాలేదు."

"చూశావా వదినా, నేను మొదటినించీ..." అని సీలింగు వైపునుంచి సువార్త గొంతు వచ్చింది.

శాంతి ఫోను బోర్లించింది.

అమృతం వేళ్లమీద ఏదో లెక్కేసుకుంది. "వచ్చే నెలాఖరన్నావు. ఇవాళ పదో తారీఖు. అంటే ఏడు వారాలుంది. ఆ ఏడు వారాలూ నావి. కారు తియ్యి."

"వీల్లేదు." ఆనందబాబు వెళ్లి వీధి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "డాక్టర్ లేని ఊరికి తెలిసి తెలిసి పంపలేను. పంపి, రేపు అక్కడేమన్నా అయితే నలుగురికీ మొహం ఎట్టా చూపించను? ఇక్కడే ఉండు. నేను షిఫ్టు మార్పించుకుంటా. మనిషిని పెడతా."

"జరుగు ఆనందా."

ఆ గొంతుకి ముప్పై మూడేళ్లపాటు బళ్లో పిల్లలు జరిగారు. ఆనందబాబు పాదాలు కూడా ఓ అంగుళం కదిలాయి. మళ్లీ ఆగాయి.

"జరగండి," అంది శాంతి. "ఏడు వారాలూ నేనూ పోతున్నాను అత్తయ్యతో. నాకు లాంగ్ లీవ్ ఉంది, పదేళ్లనించి వాడలేదు. మాత్ర నా చేత్తో ఇస్తాను. పడితే నా ముందే పడుతుంది. అప్పుడెవరి ఇంట్లో పడిందో ఎవరూ లెక్కలు చెప్పక్కర్లా."

అమృతం కోడలి వైపు చూసింది. తనకి బుద్ధి తెలిసినప్పటినించి ఆ ఇద్దరూ ఒకరినొకరు అంతసేపు చూసుకోవడం ఫేబీ ఎరగదు.

"నువ్వెక్కడికీ పోవట్లా," అన్నాడు ఆనందబాబు.

"మిమ్మల్ని అడగలా. చెబుతున్నా."

"అయితే నేనూ చెబుతున్నా విను. అమ్మ పోతే పోనీ, వంతు ప్రకారమే పోతోంది. నువ్వు మాత్రం ఈ గడప దాటితే, మళ్లీ ఎప్పుడు రావాలో నేను కబురు పెడతాను. అప్పుడు రా."

శామ్ వదినకేసి చూశాడు, వద్దన్నట్టు.

శాంతి చేతులు పైట కొంగుకి తుడుచుకుంది. లోపలికి నడిచింది. కాసేపటికి పడకగదిలోంచి బీరువా పైఅర మీద పెట్టెను కిందికి లాగుతున్న చప్పుడు వినిపించింది.